కుట్టు టీచరు పొడుగు ప్రార్థన

కుట్టు టీచరు ప్రార్థనకు లేచిందంటే చాలు, వంటవాళ్లు గిన్నెల మీద మూతలు తిరిగి పెట్టేసేవాళ్లు. అనుభవం నేర్పిన జాగ్రత్త అది. పెళ్లి విందు కానివ్వండి, కొత్తింటి కూడిక కానివ్వండి, "భోజనం కోసం అక్కగారు ప్రార్థన చేస్తారు" అని పాస్టరుగారు అన్న మరుక్షణం, తెలిసినవాళ్లు కుర్చీల్లో వెనక్కి వాలి సర్దుకునేవాళ్లు. తెలియనివాళ్లు చేతులు కడుక్కుని నిలబడి, ఆ తడి కాస్తా ఆరిపోయాక ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్లు.

ఆమె ప్రార్థనలో దండగ మాట ఒక్కటీ ఉండేది కాదు. అదే అసలు చిక్కు. అన్నంతో మొదలై, ఆ అన్నం పండించిన రైతు దగ్గరికి, అక్కడి నుంచి వానల దగ్గరికి, వానలో లారీలు తోలే డ్రైవర్ల దగ్గరికి వెళ్లేది. డ్రైవర్లను క్షేమంగా ఇళ్లకు చేర్చి, ఆసుపత్రిలో వార్డు వార్డూ తిరిగి, పాస్టరుగారి మోకాలిని పలకరించి, దేశాలేలే పెద్దలకు నాలుగు చీవాట్లు పెట్టి, తిరిగి అన్నం దగ్గరికొచ్చేసరికి అది చల్లారి గడ్డకట్టేది. ఎవరినైనా వదిలెయ్యడం ఆమెకు చేతకాదు. ముప్పై ఏళ్లు ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పిన మనిషి, ఒక్క కుట్టు తప్పినా అంచంతా విప్పించే రకం. దేవుడి దగ్గర మాత్రం చూసీచూడనట్టు పోతుందా?

పరదేశంలో దిక్కులేని పిల్లల ఆశ్రమానికి ఏడాదిపాటు సేవ చేసే మనిషిని పంపాలని చర్చి కమిటీ అనుకున్నప్పుడు, ఆమె పేరు వినబడగానే చేతులన్నీ ఒక్కసారిగా లేచాయి. కిటికీ తెరల రంగు దగ్గర కూడా పాతికేళ్లుగా రాజీపడని కమిటీ అది. టీచరు దాన్ని దైవ పిలుపు అనుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. మిగతావాళ్లు ఏమనుకున్నారో నేను చెప్పను. మీకు తెలియక కాదు.

నేను చెప్పవలసింది ఇంకొకటి ఉంది. ఆమెకు పిల్లలు లేరు. ఎన్ని వందల మంది ఆడపిల్లలకు గుండీ కుట్టడం నేర్పిందో లెక్కలేదు గానీ, ఇంట్లో ఊడిన గుండీ పట్టుకుని "అమ్మా" అంటూ వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. ఈ ప్రయాణం ఆమెకు ఎంత కావాలో భర్తకు ఒక్కడికే తెలుసు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా పనిచేసి రిటైరైన ఆయన, స్తంభాల మీద ఒంటరిగా కూర్చుని కూర్చుని మాటల్లో పొదుపరి అయ్యాడు.

"వెళ్లిరానాండీ?" అని ఆమె అడిగితే, "అడుగుతున్నావా, చెబుతున్నావా?" అన్నాడు.

"చెబుతున్నాను."

"అయితే స్వెటరు పెట్టుకో."

వీడ్కోలు సభ ఘనంగా చేశారు. శాలువా కప్పారు, గ్రూపు ఫోటో తీశారు, ఆమె బొమ్మతో బ్యానరు కట్టారు. అంత హంగామా అయ్యాక ఏడాది నిండకుండా వెనక్కొస్తే తలెత్తుకోవడం కష్టం. అయితే ఆశ్రమం వాళ్లు పంపిన ఒప్పందం కాగితంలో చిన్న అక్షరాల్లో ఒక మెలిక ఉంది. మూడు నెలలు చూసి, అక్కడి వార్డెను సరేనంటేనే మిగతా తొమ్మిది నెలలు. ఆ కాగితాన్ని చివరిదాకా చదివింది టీచరు ఒక్కతే.

ఆశ్రమం రెండంతస్తుల ఇల్లు. కింద భోజనాల గది, వంటగది, బట్టలుతికే గది. పైన పడకలు. నాలుగేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా ఇరవై ఇద్దరు పిల్లలు. బస్టాండులో దొరికినవాళ్లు కొందరు, తాగొచ్చి కొట్టే తండ్రుల దగ్గర నుంచి తెచ్చినవాళ్లు కొందరు, ఎక్కడి నుంచి వచ్చారో నోరు విప్పి చెప్పనివాళ్లు కొందరు. వాళ్ల వార్డెను సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తాళాల గుత్తితో తిరిగే మనిషి. ఇక వంటాయన గుమ్మంలో నిలబడితే గుమ్మం కనబడేది కాదు.

టీచరు ఆ దేశపు భాషను ఆరు నెలలు కష్టపడి నేర్చుకుని వెళ్లింది. కూరగాయలు కొనడానికీ, పిల్లల్ని మందలించడానికీ సరిపోయేంత వచ్చింది. దేవుడితో మాట్లాడడానికి మాత్రం అది చాలదు. ఆ పని మన భాషలోనే.

మొదటి రోజు మధ్యాహ్నం బల్లల మీద వేడి సూపు, రొట్టె, మనిషికో ఉడికించిన గుడ్డు పెట్టారు. కొత్త మనిషి కదా అని వార్డెను మర్యాదకు, "టీచరుగారూ, మీరు ప్రార్థన చేస్తారా?" అంది. పాపం, ఆమెకేం తెలుసు! టీచరు కళ్లు మూసుకుంది. కొత్త దేశం, కొత్త రైతులు, కొత్త డ్రైవర్లు. బోలెడు పని ఉంది. పదకొండు నిమిషాల తర్వాత ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి బల్ల మీద ఖాళీ కంచాలున్నాయి. పిల్లలు చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు.

"ఇంకా వడ్డించలేదా?" అని అడిగింది టీచరు.

"వడ్డించాను. తిన్నారు. కడగడం ఒక్కటే మిగిలింది," అన్నాడు వంటాయన.

ఆమె తన కంచం వంక చూసుకుంది. గుడ్డు లేదు, రొట్టె లేదు. చెంచా మాత్రం తళతళా మెరుస్తోంది.

టీచరుకు ఒళ్లు మండిపోయింది. ప్రార్థన నడుస్తుండగా తినడమా! వాళ్ల చర్చిలో పిప్పరమెంటు బిళ్ల చప్పరించిన పిల్లాడిని ఆమె ఒక్క చూపుతో బయటికి పంపిన రోజులున్నాయి. మర్నాడు ఒక కన్ను తెరిచి ప్రార్థన చేసింది. ఒక కంటితో ఇరవై ఇద్దరిని కాయడం పోలీసులకే కాదు, కుట్టు టీచరుకీ సాధ్యం కాలేదు. పైగా రైతుల దగ్గర నుంచి తిన్నగా పాస్టరుగారి మోకాలి మీదకు జారిపడింది, మధ్యలో డ్రైవర్లు ఏమయ్యారో తెలియలేదు.

అన్నిట్లోకీ తుంటరి మూడో బల్ల చివర కూర్చునే ఆరేళ్ల పిల్ల. అందరూ పిచ్చుక అని పిలిచేవాళ్లు. ఎడమ చెయ్యి కంచం చుట్టూ గోడలా పెట్టి, కుడి చేత్తో చకచకా మింగేది. మిగిలిన రొట్టె ఎప్పుడు మాయం చేసేదో తెలిసేది కాదు. ఉతికే గదిలో దాని గౌను జేబులు విదిలిస్తే గుప్పెడు రొట్టె పొడి రాలేది. టీచరు ఆ జేబులకు లోపలి నుంచి గట్టి గుడ్డ వేసి కుట్టింది. కోపం కోపమే, కుట్టు కుట్టే. జేబు చిరిగి ఉంటే చూస్తూ ఊరుకోలేదు మరి.

రెండో నెలలో టీచరుకు బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. ముందు ప్రార్థన, తర్వాత వడ్డన! కంచాలే లేకపోతే ఏం తింటారు? వార్డెను బజారు పని మీద వెళ్లిన రోజు చూసి, వంటాయనను ఒప్పించి, ఖాళీ బల్లల ముందు పిల్లల్ని కూర్చోబెట్టి కళ్లు మూసుకుంది.

రైతుల దాకా నిశ్శబ్దంగా నడిచింది. వానల దగ్గర ఎవరో వెక్కారు. డ్రైవర్ల దగ్గరికి వచ్చేసరికి బల్ల ధడేలుమంది. కళ్లు తెరిచేలోగా పిల్లలంతా వంటగది మీద విరుచుకుపడ్డారు. సూపు గిన్నె బోర్లాపడింది. చిన్నవాళ్లు నేల మీద కూర్చుని గుక్కపట్టి ఏడుస్తున్నారు. పిచ్చుక వంటాయన మణికట్టు కొరికి, రొట్టె లాక్కుని మెట్ల కింద దూరింది. ఎంత పిలిచినా బయటికి రాలేదు.

వార్డెను వచ్చి అంతా చూసింది. అరవలేదు. అరిచి ఉంటే టీచరుకు కాస్త నయంగా ఉండేది.

"టీచరుగారూ, ఇక్కడ పిల్లలకి ముందు కంచం కనబడాలి. ఆ తర్వాతే ఏదైనా. 'ఉండు, పెడతాను' అన్న మాట వీళ్లు చాలాసార్లు విన్నారు. ఆ పిచ్చుక ఉంది చూశారా, అన్నం తెస్తానని చెప్పి వాళ్లమ్మ బయట తాళం వేసుకుని వెళ్లింది. నాలుగో రోజు పక్కవాళ్లు తలుపు పగలగొట్టారు. ఆవిడ మాత్రం ఇప్పటికీ రాలేదు."

టీచరు వంగి బోర్లాపడిన గిన్నె ఎత్తింది.

"మీ కుట్టుపని మంచిది. పిల్లలకి స్నానాలు చేయించేటప్పుడు చూశాను, చెయ్యీ మంచిది. కానీ తినే చోట పిల్లలు భయపడితే మిమ్మల్ని ఉంచుకోలేను. వచ్చే నెలాఖరుకి మీ చర్చికి రాయాలి నేను," అంది వార్డెను.

సాయంత్రం భర్తకు ఫోన్ చేసి ఏడ్చింది. బ్యానరు గురించి కాదు. మెట్ల కింది నుంచి వినబడిన నమిలే చప్పుడు గురించి.

ఆయన అంతా విని, "ప్రార్థన తగ్గించు," అన్నాడు.

"ఎవర్ని వదిలెయ్యమంటారు?"

"బట్టలుతుకుతూ చేసుకో. దేవుడికి సబ్బు వాసన పడదా?"

"ముప్పై నాలుగేళ్లు మీరు నాతో కూర్చుని తిన్నారు. చల్లారిందని ఒక్కసారైనా అన్నారా?"

"నువ్వు కళ్లు మూసుకోగానే సగం తినేసేవాణ్ణి," అన్నాడాయన.

టీచరు ఫోను పెట్టేసింది. తరువాత నవ్వొచ్చింది. ఆ తరువాత, ఆ మిగతా సగం తనతో కలిసి చల్లగానే తినేవాడని తట్టి, మళ్లీ ఏడ్చింది.

మర్నాటి నుంచి రైతులూ డ్రైవర్లూ ఉతికే గదికి తరలిపోయారు. చొక్కాకొకరు చొప్పున అందరికీ న్యాయం జరిగింది. బల్ల దగ్గర మాత్రం కళ్లు తెరిచే, "ప్రభువా, అన్నం పెట్టావు, వందనాలు, ఆమెన్" అనేసేది. వంటాయన నివ్వెరపోయి గరిటె జారవిడిచాడు. పిల్లలు హాయిగా తిన్నారు. పిచ్చుక తప్ప.

పిచ్చుక ముద్ద ముట్టలేదు. గోడలా చెయ్యి పెట్టుకుని టీచరు వంకే చూస్తూ కూర్చునేది. అందరూ లేచాక రొట్టె పట్టుకుని మెట్ల కిందికి పోయేది. మూడు రోజులు ఇదే వరస. టీచరు ప్రాణం విలవిల్లాడింది. నాలుగో రోజు మెట్ల ముందు నేల మీద చతికిలబడి, వచ్చిన భాషలోనే అడిగింది.

"నేను చిన్న ప్రార్థన చేస్తున్నాను కదా, ఎందుకు తినవే?"

లోపలి నుంచి జవాబు వచ్చింది. "నువ్వు చూస్తున్నావు. ముందు కళ్లు మూసుకునేదానివి. అప్పుడు బాగుండేది."

ముప్పై ఏళ్లలో ఆమె ప్రార్థనను అంతగా మెచ్చుకున్నవాళ్లు లేరు.

వార్డెనుకు చెప్పింది. వార్డెను తాళాలు అటూ ఇటూ తిప్పి, "కంచాలు ముందు పెట్టాక, తినేవాళ్లను తిననిస్తే, మీ ఇష్టం వచ్చినంతసేపు చేసుకోండి," అంది. టీచరు పిప్పరమెంటు పిల్లాడికి మనసులోనే క్షమాపణ చెప్పుకుని సరేనంది. మళ్లీ కళ్లు మూతపడ్డాయి, డ్రైవర్లు బల్ల దగ్గరికి తిరిగొచ్చారు. ఇప్పుడు ప్రార్థనకు కొలత పిచ్చుక చెంచా చప్పుడు. అది ఆగేదాకా టీచరు ఆగేది కాదు. పిచ్చుక రెండోసారి సూపు పోయించుకున్న రోజు మనుషులు చాలక, తను ఎక్కి వచ్చిన విమానం ఇంజనుకు కూడా దీవెనలు అడిగింది. అంతసేపు ఏం చెబుతావని పిచ్చుక అడిగితే, ఎవరికేం కావాలో దేవుణ్ణి అడుగుతానని వచ్చిన భాషలో చెప్పింది. జేబుల్లో రొట్టె పొడి తగ్గుతూ వచ్చింది.

మూడో నెల ఆఖరి రోజు. వార్డెను కూడా వాళ్ల బల్ల దగ్గరే కూర్చుంది. టీచరు కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. రైతులయ్యారు, వానలయ్యాయి. చెంచా చప్పుడు లేదు. ఆసుపత్రిలో వార్డులన్నీ తిరిగింది. అయినా లేదు. ఇక ఉండబట్టలేక కళ్లు తెరిచింది.

పిచ్చుక కంచం నిండుగా ఉంది. దాని చుట్టూ చెయ్యి లేదు. రెండు చేతులూ జోడించి, మొహమంతా ముడతలు పడేలా కళ్లు గట్టిగా మూసుకుని ఉంది పిల్ల. టీచరు గొంతు ఆగిపోగానే, తన వంతు వచ్చిందనుకున్నట్టుంది, పైకే మొదలుపెట్టింది.

వంటాయనకు చెయ్యి నొప్పి తగ్గాలంది. పైగదిలో కిటికీ కిర్రుమనకూడదంది. ఎదురింటి పిల్లికి పాలు దొరకాలంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరినీ వరసగా చెప్పింది, ఒక్కరినీ వదల్లేదు. పిల్లలు చెంచాలు పట్టుకుని అలాగే ఉండిపోయారు. చివర్లో కాస్త ఆగి, "అమ్మ అన్నం కోసం వెళ్లింది. ఆమెకి ఎక్కడైనా అన్నం దొరకాలి," అంది.

అన్నీ కూరగాయలు కొనేటంత చిన్న మాటలు. టీచరుకు అర్థం కాని మాట ఒక్కటీ లేదు. ఆమెన్ అనవలసిన మనిషి కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. వార్డెనే అంది ఆ మాట. ఆ వెంటనే ముక్కు చీదుకుని, "రేపు మీ చర్చికి రాస్తాను. ఏడాదంతా ఉండాలి మీరు," అంది.

టీచరు తలూపింది గానీ కన్నీళ్లు ఆగడం లేదు, చెంచా ఎక్కడుందో కనబడడం లేదు. పిచ్చుక కాసేపు చూసింది. తన రొట్టె రెండుగా తుంచి పెద్ద ముక్క ఆమె కంచంలో పెట్టింది.

"తర్వాత ఏడువు. ముందు తిను," అంది.