నాన్న దగ్గర దాచిన మాట

నేను పరిశోధన చేసేది చచ్చిపోయే నక్షత్రాల మీద. అవి వదిలేసిన వాయువు చుట్టూ పరుచుకుంటే దాన్ని గ్రహ నీహారిక అంటారు. గ్రహాలకీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఎవరో ఆ పేరు పెట్టేశారు, మేమంతా అలాగే పిలుస్తున్నాం. నడిమధ్యన ఉన్న నక్షత్రం ఎంత వేడిగా ఉందో దాని వెలుగుని విడదీసి తేల్చడమే నా పని.

ఈ వేసవిలో నాన్నని విజయవాడ ఆసుపత్రి నుంచి మా ఊరు ఆగిరిపల్లి తీసుకొచ్చేశాం. ఇక చెయ్యగలిగిందేమీ లేదని డాక్టరు అమ్మకీ నాకూ చెప్పారు. నాన్నకి మేం చెప్పలేదు. మా వైపు అంతే, ఊరంతటికీ తెలిసినా జబ్బు మనిషికి మాత్రం "నీరసం, తగ్గిపోద్ది" అంటారు. అమ్మ నన్ను వంటింట్లోకి లాగి, "ఇంట్లో ఆ నక్షత్రాల చావు మాటలు ఎత్తావంటే ఊరుకోను" అంది. నాకు ఒళ్లు మండింది. నా చదువే అది కదా! అయినా నోరు మూసుకున్నాను.

నాన్న ఏటా పూత మీద ఉండగానే మామిడి తోట గుత్తకి పట్టి, కాయ అమ్ముకునే మనిషి. ఓ మధ్యాహ్నం వసారాలో మంచం మీద పడుకుని నా లాప్‌టాప్ కేసి చూశాడు.

"ఏంటమ్మాయ్ అది?"

"ముసలి నక్షత్రం నాన్నా."

ఆయన చూపు నా మొహం మీదకి తిప్పాడు. "ఇదివరకు చచ్చిపోయే నక్షత్రాలనేదానివి. నేను ఆసుపత్రి నుంచి రాగానే ముసలివైపోయినయ్యా? నేనేమన్నా చిన్నపిల్లోడినా తల్లీ?"

నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడవమాక. పోయేముందు దానికేమవుద్దో చెప్పు."

కళ్లు తుడుచుకుని చెప్పాను. పైపొరలన్నీ వదిలేస్తుంది. లోపలిది బయటపడి, మునుపెన్నడూ లేనంత వేడెక్కుతుంది. ఆ వేడికే చుట్టూ ఉన్నదంతా రంగులు తేలి వెలుగుతుంది. తర్వాత మెల్లగా చల్లారుతుంది. నాన్న ఒక్క మాట కూడా వదలకుండా విన్నాడు. నా పని మీద నాకంత ప్రేమ ఏనాడూ కలగలేదు.

"బాగుంది," అన్నాడు. "మీ అమ్మకి మాత్రం నాకు తెలుసని చెప్పమాక. తట్టుకోలేదు."

అంతలో అమ్మ బంగినపల్లి ముక్కలు కోసుకొచ్చింది. "ఏంటండీ, తండ్రీకూతుళ్లు గుసగుసలు?"

"ఏం లేదే. వచ్చే ఏడు కూడా ఆ తోటే గుత్తకి పడదామంటున్నా."

"అలాగే పడదాం లెండి. ఇద్దరం వెళ్లి పూత చూసొద్దాం," అంది అమ్మ.

ఆయన నోటికి ముక్క అందిస్తూనే ఆమె రెండో చేత్తో కొంగు కళ్లకద్దుకుంది. నాన్న అది చూడనట్టే తిన్నాడు.