తీపెక్కని సుమనక్

ఇస్తరవ్‌షాన్ ఊళ్ళో ఒక వీధి ఆడవాళ్ళు వసంతపు కొత్త ఏడాది పండుగ నవ్రూజ్‌కి, చక్కెర వేయకుండానే తీపెక్కే సుమనక్ జావ వండితే, గోధుమ మొలకలు దంచి పాలు పిండే పని సవ్రినిసోది. మొలకల వేర్లు తెల్లని దారాల్లా అల్లుకుని, ఇంకా పచ్చరంగు తిరగని పూటను ఆమె చేతులు పసిగట్టేవి.

ఆ ఏడు మంచు కరగలేదు. కుళాయి నీళ్ళు వేళ్ళను కొరుకుతున్నాయి. ఎవరూ చూడకుండా ఆమె మరుగుతున్న కెటిల్‌ను దంచిన మొలకల మీద వంచింది. హాయిగా పిండింది.

మొలక పాలలో ఒక ఎంజైమ్ ఉంటుంది. వెచ్చబడుతున్న డేగిసాలో అది పిండిని ఓపికగా విప్పి చక్కెర చేస్తుంది. మరిగే నీళ్ళు పడితే చచ్చిపోతుంది. దాని పేరు సవ్రినిసోకి తెలియదు. రాత్రంతా అందరూ వంతులవారీగా కలిపాక, పొద్దున గరిటె అంచు నాకినప్పుడు మాత్రం, నాలుక మీద చప్పగా పరుచుకున్న జావలో ఏది చచ్చిపోయిందో తెలిసింది.

"మనసు మంచిది కానివాళ్ళెవరో గరిటె పట్టారు," అంది పక్కింటి మునవ్వర్.

చూపులన్నీ నోజిగుల్ మీదికి మళ్ళాయి. మొగుడు వదిలేస్తే ఆ చలికాలమే పుట్టింటికి వచ్చిన పిల్ల.

"అక్కడ కాపురం చెడగొట్టుకొచ్చిన చెయ్యి. ఇక్కడ తీపెక్కుతుందా?" అంది మునవ్వరే.

నోజిగుల్ గరిటెను డేగిసాకి ఆనించి వెళ్ళిపోయింది. సవ్రినిసో నోరు తెరవలేదు.

ఏడాదంతా నోజిగుల్ అందరూ వెళ్ళాకే కుళాయి దగ్గరికి వచ్చేది. గోడ అవతల ఆ బకెట్ నిండే చప్పుడు వినిపించినంతసేపూ సవ్రినిసో చేతిలో పని ఆగిపోయేది.

మళ్ళీ మొలకలు పిండే రోజున ఆడవాళ్ళందరి ముందూ సవ్రినిసో చెప్పేసింది. "నిరుడు వేడినీళ్ళు పోసింది నేనే. ఆ పిల్ల తప్పేం లేదు."

"ఎంత మంచిదానివి ఖోలా! ఒకరి మచ్చ నువ్వు పూసుకుంటావా?" మునవ్వర్ నవ్వింది. పెద్దదని సవ్రినిసోని వీధంతా ఖోలా, అంటే పిన్ని, అనే పిలిచేది.

ఆ మెచ్చుకోలు చెంపదెబ్బలా తగిలింది. సవ్రినిసో రెండు గిన్నెల్లో మొలక పాలు పోసింది. ఒకదాన్ని మరిగించి చల్లార్చింది. రెండింట్లోనూ గోరువెచ్చని పిండిజావ కలిపి పొయ్యి పక్కన ఉంచింది. మధ్యాహ్నం మునవ్వర్ రెండూ చెంచాతో రుచి చూసింది. మరిగించినది చప్పగా, రెండోది తియ్యగా ఉంది. తల దించుకుని చెంచా కడిగింది.

సవ్రినిసో నోజిగుల్ తలుపు తట్టింది.

"నా వల్లే చెడింది, అమ్మాయ్. అందరికీ చెప్పాను. రా."

"ఆ నీళ్ళు చల్లారడానికి ఏడాది పట్టిందా, ఖోలా?"

"నువ్వు మాట పడుతుంటే నేను నిద్రపోగలిగాను. అదే పెద్ద తప్పు."

"ఈసారి మీరే కలుపుకోండి," అంది నోజిగుల్. తలుపు మాత్రం వేయలేదు. వెళ్ళిపోయే హక్కు తనకు లేదనిపించి, సవ్రినిసో గడప దగ్గరే నిలబడిపోయింది.