మసూదా ఎక్కలేని రెండు సీట్ల కారు

మదనపల్లెలో ముక్తియార్ షెడ్డు ఎక్కడని అడిగితే ఎవరూ గుర్తులు చెప్పరు. "పుంగనూరు రోడ్డు పట్టుకోని పో, అరుపులు వినపడే కాడ ఆగు" అంటారు. భయపడాల్సిన పనిలేదు, అవి కొట్లాట అరుపులు కావు. ముక్తియార్ మెకానిక్. అతనికి ఇద్దరు స్నేహితులు. ఒకరు అంగళ్లు ఊరి ఇంజనీరింగు కాలేజీలో డ్రాయింగు చెప్పే హరినాథ్ సారు, రెండోవాడు పెద్దపంజాణి నుంచి మార్కెట్టుకు టమోటా తోలే పాపయ్య. ముగ్గురూ కలిశారంటే మాట స్పోర్ట్స్ కార్ల మీదికి మళ్లాల్సిందే. ముగ్గురిలో ఒక్కడూ అలాంటి కారు నడిపిన పాపాన పోలేదు. అయినా వాదించడానికి నడపాలా ఏంది?

"కారంటే గీత. ముక్కు నుంచి తోక దాకా కన్ను యాడా తట్టుకోకుండా జారిపోవల్ల" అంటాడు హరినాథ్.

"గీతను పెట్రోలు పోసి నడుపుతావా సార్? ఇంజనే బండి!" అని ముక్తియార్ స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటాడు. ఇంజను లోపల రోగమేదో అతనికి ఆ పిడిలోనే వినిపిస్తుంది.

"అదంతా సరేప్పా, క్రేట్లు ఎన్ని పడతాయి?" ఇది పాపయ్య. ఏ కారు గురించి చెప్పినా అతను అడిగే ప్రశ్న ఇదొక్కటే.

ఎనిమిదేళ్ల కిందట ముక్తియార్ బెంగుళూరులో ఒక పెద్దమనిషి మూలన పడేసిన పాత కారు కొని తెచ్చాడు. పైకప్పు లేదు, సీట్లు రెండే, ఎత్తు నడుము దాకా కూడా రాదు. పాపయ్య దాని చుట్టూ తిరిగి చూసి, "మా పుంగనూరు పొట్టి ఆవే దీనికంటే పొడుగుండాది" అన్నాడు. కాకి పిల్ల కాకికి ముద్దు కదా, ముక్తియార్ మాత్రం ఆ రోజే భార్యకు మాటిచ్చేశాడు. "బాగుపడినాక మొదటి సవారీ నీదే మసూదా. మీ కుప్పానికే."

మసూదా నవ్వి ఊరుకుంది. కార్ల విషయంలో ఆమె చూడనిదేముంది? పెళ్లయి ఇరవై ఆరేళ్లు. కుప్పంలో పుట్టింటికి వెళ్లినప్పుడల్లా ఎవరిదో బాగుచేసిన కారులో, ట్రయల్ పేరు చెప్పి వెళ్లిందే. వెనక సీట్లో ఆ కారు తాలూకు మనుషులు ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. ఆమె ఏదైనా చెప్పబోతే ముక్తియార్ చెయ్యి పైకి లేస్తుంది. "ష్, శబ్దం విననీ." పుంగనూరు దాటాక మొదలుపెట్టిన మాట పలమనేరులో మింగేసిన సందర్భాలు ఎన్నో! ఆ మాటలన్నీ ఏమయ్యాయో, పాపం, ఆమెకే తెలియాలి.

ఎట్టకేలకు ఈ ఏడు కారు సిద్ధమైంది. సరిగ్గా అప్పుడే మసూదా తమ్ముడి కూతురు రుక్సార్ పెళ్లి కుదిరింది. ఆదివారం, కుప్పంలో. ఇంతకంటే మంచి ముహూర్తం దొరుకుతుందా?

ముగ్గురు మగవాళ్లూ కొలవనిది లేదు. దారిలోని స్పీడు బ్రేకర్లకు కారు అడుగు తగలకుండా ఎంత ఎత్తుండాలో కొలిచారు. గాలి ఎటు తగులుతుందో హరినాథ్ బొమ్మ గీశాడు. డిక్కీలో అడ్డంగా ఒక్క టమోటా క్రేటు పడుతుందని పాపయ్య తేల్చాడు. ముగ్గురూ వంతులేసుకుని కూర్చుని లేచారు. గురువారం సాయంత్రం మసూదాను పిలిచారు.

ఆమె తలుపు పట్టుకుంది. సగం వంగింది. అక్కడే ఆగిపోయింది. రెండేళ్లుగా ఆమెకు మోకాళ్ల నొప్పులు. నమాజు కూడా కుర్చీలో కూర్చునే చేస్తుంది. ఆ కుర్చీని రోజూ గోడవారకు జరిపేది ముక్తియారే.

"నా వల్ల కాదు. నేను బస్సులో వస్తాలే, నువ్వు దీంట్లో రా" అంది మసూదా. నవ్వుతూనే అంది. కానీ ఇంట్లోకి వెళుతూ కారు తలుపును చేత్తో ఒక్కసారి నిమిరి వెళ్లింది. అది చూసి ముక్తియార్ ప్రాణం చివుక్కుమంది.

"స్పీడు బ్రేకరు ఎత్తు తెలుసు, పెండ్లాం మోకాలు తెలీదు. నేనేం మెకానిక్కప్పా!" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మంగలి రామప్ప అంగడికి పోయి, మూలనున్న విరిగిన కుర్చీ అడుగుభాగం పట్టుకొచ్చాడు ముక్తియార్. తిరిగే కుర్చీ అది. దాన్ని కారు సీటు కింద బిగిస్తే సీటు ఎత్తవుతుంది, బయటికి కూడా తిరుగుతుంది.

హరినాథ్ లబోదిబోమన్నాడు. "వద్దు ముక్తియార్! ఆరంగుళాలు లేస్తాది. తల ముందద్దం కంటే పైకొస్తాది. గీత సచ్చిపోతాది!"

"సావనీ సార్."

ఇన్నేళ్లలో ముక్తియార్ ఇంత పొట్టిగా వాదించడం అదే మొదలు. హరినాథ్ జేబులోంచి సుద్దముక్క తీసి కారు పక్కన గొంతుక్కూర్చున్నాడు. "సగం తిప్పితే సాలదు. కాళ్లు రెండూ బయట నేల మీద ఆనల్ల. తలుపుకు ఎదురుగా తిరిగేటట్టు బిగించు" అని గుర్తులు పెట్టాడు.

ఆదివారం పొద్దున సీటు బయటికి తిరిగింది. మసూదా ఇంట్లో కుర్చీ మీద కూర్చున్నంత సుళువుగా కూర్చుంది. ముక్తియార్ సీటును లోపలికి తిప్పి, బెల్టు పెట్టి, తానూ ఎక్కాడు. చూడబోతే ఆమె పైన, అతను కింద.

"రాణెమ్మ పైన, డ్రైవరు కింద. ఇప్పుడు సక్కంగా ఉండాది" అన్నాడు పాపయ్య. "అయినా రెండే సీట్లమ్మా, ఏం పనికొస్తాది ఇది?"

"పనికొచ్చేది అదే కదన్నా. మూడో మనిషి ఎక్కేదానికి లేదు" అంది మసూదా.

పాపయ్య నవ్వుతూ కారుకు దారి వదిలాడు.

పుంగనూరు దాటారు. మసూదా కొంగు చెవుల మీదుగా బిగించుకుని, తన పెళ్లినాడు కుప్పం స్టేషనులో రైలు తప్పిన సంగతి ఎత్తుకుంది. గంగవరం దగ్గర కారులో ఎక్కడో టిక్కు టిక్కుమంది. ముక్తియార్ చెయ్యి అలవాటుగా పైకి లేచింది. మసూదా మాట మధ్యలో టక్కున ఆగిపోయింది, స్విచ్చి కట్టేసినట్టు.

ఆ ఆగడం ముక్తియార్‌కు వినిపించింది. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి వినిపించింది. చెయ్యి దించేశాడు.

"ఏందో శబ్దం వస్తాండాది, వినుకో" అంది ఆమె.

"నట్టేదో వదులైనట్టుండాది, ప్రమాదమేం లేదు. దాని మాట రేపు వింటా. నువ్వు చెప్పు."

మసూదా అతని వైపు చూసింది. రైలు తప్పిన దగ్గరి నుంచే మళ్లీ అందుకుంది. పలమనేరు పోయింది, వి.కోట పోయింది, కుప్పం వచ్చింది. పెళ్లిపందిరి ముందు ఆమె తమ్ముడు చెయ్యెత్తి పిలుస్తున్నాడు. మసూదా మాట ఇంకా అయిపోలేదు. ముక్తియార్ కారు ఆపకుండా ఊరి చుట్టూ ఇంకో చుట్టు తిప్పాడు.