ముందు గది కొలత

ఆఫీసు కాగితాల్లో ఏ పేరుందో గాని, వీధులన్నిటికీ ఆమె టేపు మేడమే. ఇంటి పన్ను లెక్కకట్టడానికి గదులు కొలిచి రాసే ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా ఆమె ముందు ఎవరి పప్పులూ ఉడకలేదు. అద్దెకున్నవాళ్లను చుట్టాలన్నవాళ్లు, మేడ మీది గదిని పావురాల గూడన్నవాళ్లు, అందరినీ చూసేసింది. ఎవరైనా గొణిగితే, "వీధి దీపం గాలికి వెలుగుతుందాండీ?" అని నవ్వుతూనే టేపు లాగేది.

ఈసారి జాబితాలో అక్క ఇల్లు వచ్చింది. ఇంకొకర్ని పంపుతానన్నాడు పై అధికారి. "ఎవరొచ్చినా మా అక్క చిటికెలో బోల్తా కొట్టించేస్తుంది సార్. నేనే వెళ్తాను. కావాలంటే మీరు మళ్లీ కొలుచుకోండి" అంది.

అక్క ముందు గదిలో బట్టలు కుడుతుంది. దుకాణమని రాస్తే పన్ను రెట్టింపు. అందుకే మూడు మిషన్లూ వంటింట్లో చేరాయి, ముందు గదిలో మంచం వెలిసింది. కానీ కుట్టుపని చేసే చెయ్యి ఊరుకుంటుందా? మంచం మీది దుప్పటి అంచు ఓ పక్క జారిందని సుద్దముక్కతో గీత గీసి, వరసగా గుండుసూదులు గుచ్చేసింది.

చెల్లెలు వచ్చి ఆ సూదుల వరస మీద వేలు పెట్టింది. "అక్కా, ఇది దుకాణం."

అక్క ముఖం మాడిపోయింది. "నిన్ను చదివించింది ఈ మిషనేనే. మర్చిపోయావా?"

అమ్మ పోయాక చెల్లెల్ని పెంచింది ఈ మనిషే. ఇవాళ్టితో మాటలు ఆగిపోతాయేమోనని నిజంగానే భయపడింది. అయినా తడబడలేదు.

"మర్చిపోలేదు కాబట్టే రాస్తున్నా. పడగ్గది అని రాస్తే, ఇన్నేళ్లు నువ్వు ఇక్కడ పడుకున్నావని రాసినట్టేగా?"

అక్క విసురుగా వచ్చి టేపు రెండో కొస అందుకుంది. "ఏం పట్టడమే అది? వదులుగా పట్టి నాకు అంగుళం అంటగడతావా? బిగించి లాగు."

కొలత అయింది. కాగితంలో దుకాణం నడిపేవారి పేరు రాయాలి.

"మీ బావ పేరు రాసెయ్" అంది అక్క.

"ఇల్లు బావదే. కుట్టేది కూడా బావేనా?"

అక్క ఆ ఖాళీ గడి వంక చూసింది. కళ్లజోడు పెట్టుకుని చెయ్యి చాచింది.

"కలం ఇటివ్వు. నా పేరు నేనే రాసుకుంటా."