శుక్రవారం సాయంత్రం వెళ్ళిన కారు

మా ఇంట్లో శుక్రవారం దీపం పెట్టాక ఉప్పుగల్లు కూడా గడప దాటదు. పక్క ఫ్లాట్ ఆంటీ తోడుకి చెంచాడు పెరుగు అడిగినా "రేపు పొద్దున్నే ఇస్తానండీ" అంటాను. ఆవిడ తమిళావిడ, ఆవిడకీ ఈ పట్టింపు ఉంది కాబట్టి నవ్వి ఊరుకుంటుంది. ఆ పూట చెత్త కూడా బయట వరండాలోని చ్యూట్‌లో పారెయ్యనివ్వను. "ట్రాష్ ఆల్సో లక్ష్మీ, మమ్మీ?" అని మా అమ్మాయి ఏడిపిస్తుంది. ఏడిపించనీ, నాకేం. అలాంటిదాన్ని, ఒక శుక్రవారం సాయంత్రం, దీపం వెలుగుతూ ఉండగానే, ఏకంగా కారునే పంపించేశాను.

అది అమెరికా బండి. రెండే తలుపులు, ఇంతేసి పొడుగు బానెట్. మేముండే సింగపూర్లో, ఇక్కడి పన్నులకి, కారు కొనడమే ఒక పిచ్చి. అందులో అలాంటి పాత బండి కొనడం ఇంకో పిచ్చి. కొన్నాక మా ఆయన ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచారా? పెద్ద చక్రాలు వేయించారు, ఎత్తు తగ్గించారు, బానెట్ మీద తెల్ల చారలు గీయించారు, సైలెన్సర్ పీకించేసి వేరే గొట్టాలు బిగించారు. మా ఆయన బ్యాంకులో కంప్యూటర్ల పని చేస్తారు. పొద్దున్నించి సాయంత్రం దాకా నోరు మెదపని మనిషి. ఆయన తరఫున కూడా ఆ బండే అరిచేదేమో అనిపించేది. ఎదుటి కార్‌పార్క్ పై అంతస్తులో అది స్టార్ట్ అయితే మా వంటింట్లో గిన్నెలు అదిరేవి. బుకిట్ బటోక్‌లో మా బ్లాకు వాళ్ళందరికీ మేం తెలుసు, మంచిగా మాత్రం కాదు.

కొన్న రోజున నేనే దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. "పెయింటే, పెయింటే" అని ఆయన గిలగిల్లాడిపోయారు. "ఇంటికి లక్ష్మి వస్తే బొట్టు పెట్టకుండా ఎలాగండీ?" అన్నాను. ఆ మాట తిరిగొచ్చి నా మెడకే చుట్టుకుంటుందని అప్పుడేం తెలుసు!

తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో జరిగింది అసలు సంగతి. ఇద్దరమే వెళ్ళాం. అమ్మాయి పాలిటెక్నిక్‌లో ఉంది. ఆయన కాఫీ కప్పు ఎత్తారు, ఎత్తినవారు ఎత్తినట్టే ఆగిపోయారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. కప్పు వంగి, వేడి కాఫీ ఒళ్ళో పడుతోంది, మనిషికి తెలియడం లేదు. పెదాలు మాత్రం ఏదో నములుతున్నట్టు కదులుతున్నాయి. "ఏవండీ, ఏవండీ" అని భుజం పట్టుకు కుదిపాను. కాసేపటికి ఆయనే తెలివిలోకి వచ్చారు. వచ్చి, తడిసిన ప్యాంటు చూసుకుని, "ఎవరు పోశారే?" అని నన్నడిగారు.

డాక్టర్ ఇది మెదడులో వచ్చే ఒక రకం ఫిట్సే అన్నారు. మందులు రాసి, స్టీరింగ్ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పారు. వచ్చేముందు మనిషికి తెలియదట, వచ్చి వెళ్ళాక గుర్తుండదట. అక్కడే వచ్చింది చిక్కు. తనకి గుర్తే లేనిదాన్ని ఆయన ఎలా నమ్ముతారు? "నిద్ర చాలక కళ్ళు మూతలు పడ్డాయి, దానికింత రాద్ధాంతమా" అంటారు. చూసినదాన్ని నేనొక్కదాన్నే. అమ్మాయి కూడా "డాడీ ఈజ్ ఫైన్ లా, యూ వర్రీ టూ మచ్" అని ఇక్కడి యాసలో తేల్చేసింది.

ఆయనకి శనివారం తెల్లవారగానే ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒక రౌండు వేసి రావడం అలవాటు. డాక్టర్ చెప్పాక "కదపనులే, ఇంజిన్ వేడిచేసి వస్తా" అనడం మొదలుపెట్టారు. తాళంచెవి బియ్యం డబ్బాలో దాచాను. రెండో తాళంచెవి ఆయన దగ్గరుంది, ఎక్కడుందో చెప్పరు. నేను వంటింటి కిటికీ దగ్గర నిలబడి చెవులు రిక్కించేదాన్ని. ఆ మాయదారి గొట్టాల చప్పుడు అక్కడే గుర్రుమంటూ ఉందా, కిందికి దిగుతోందా? అక్కడే ఉంటే ప్రాణం కుదుటపడేది. దిగుతున్నట్టు అనిపిస్తే చెప్పులు కూడా వేసుకోకుండా లిఫ్ట్ దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఒకసారి అలా వెళ్తే, అది ఎవరిదో డెలివరీ మోటార్‌సైకిల్.

అమ్మేద్దాం అన్నాను. నెత్తీ నోరూ కొట్టుకుంటే చివరికి "సరే" అన్నారు. ఆ సరేలో ఎంత మెలిక ఉందో తర్వాత తెలిసింది. వచ్చినవాళ్ళని ఆయన కూర్చోబెట్టి పెళ్ళికొడుకుని అడిగినట్టు అడిగేవారు. ఎక్కడ ఉంటారు, ఎండలో పెడతారా, ఎవరెవరు నడుపుతారు. ఒకతను నల్ల రంగు వేయిస్తానన్నాడని వద్దన్నారు. ఇంకొకతను డోర్ గట్టిగా వేశాడట! నాకు ఒళ్ళు మండిపోయింది. "దానికి సంబంధం చూస్తున్నారా, అమ్ముతున్నారా?" అన్నాను.

ఇంకో అడ్డం ఆ గొట్టాలే. వాటికి ఇక్కడ అనుమతి లేదు. తనిఖీకి వెళ్ళాలన్నా, ఇంకొకరి పేరు మీదికి పోవాలన్నా పాత సైలెన్సర్ మళ్ళీ బిగించాల్సిందే. అది మా బాంబు షెల్టర్లో ఉంది. ఈ ఫ్లాట్లలో ఇనప తలుపుతో ఒక చిన్న గది కడతారు కదా, యుద్ధం వస్తే దాక్కోడానికి. యుద్ధం రాలేదు గనక అందులో మా ఆవకాయ జాడీలు, బియ్యం బస్తాలు, ఈ సైలెన్సర్ కాపురం చేస్తున్నాయి. "వచ్చే వారం బిగిస్తాలే" అని ఆయన వారాలు దొర్లించారు. నేనే వర్క్‌షాపుకి ఫోన్ చేసి, వాళ్ళ మనిషిని రప్పించి, సామానూ బండీ రెండూ అప్పజెప్పాను. బండి తిరిగొచ్చాక ఆయన స్టార్ట్ చేసి విని, "గొంతు నొక్కేశావు కదే" అన్నారు. నిజంగా బాధపడ్డారు.

గొంతు నొక్కిన పాపం నాకే తగిలింది. ఆ శనివారం పొద్దున్న ఆయన కిందికి వెళ్ళారు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. ఏమీ వినపడలేదు. ఇన్నాళ్ళూ నేను తిట్టుకున్న ఆ రొదే నాకు కాపలా అని అప్పుడు గానీ బుర్రకెక్కలేదు. ఇప్పుడు ఆయన కదిలారో లేదో నాకెలా తెలియాలి? పరిగెత్తుకెళ్ళి చూస్తే, ఆయన తలుపు తీసుకుని సీట్లో కూర్చుని, స్టీరింగ్ గుడ్డతో తుడుస్తున్నారు. "ఏమైందే?" అన్నారు. ఏమీ లేదన్నాను. ఆ రోజు నించి ఆయన కారు దగ్గరికి వెళ్తే నేనూ వెనకాలే వెళ్ళేదాన్ని, కూరగాయల సంచీ పట్టుకుని, ఏదో పనున్నట్టు.

అప్పుడు ఆ మలయ్ అతను వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, ఓడల మీద ఇంజిన్ పని. బండి చుట్టూ తిరిగి, కింద పడుకుని చూసి, లేచి చేతులు తుడుచుకున్నాకే తలుపు ముట్టుకున్నాడు. మా ఆయనకి ఏ వంకా దొరకలేదు. శనివారం సాయంత్రం వచ్చి తీసుకెళ్ళమన్నారు. తీరా శుక్రవారం మధ్యాహ్నం అతని దగ్గర్నించి కబురొచ్చింది. ఓడ ముందే బయల్దేరుతోంది, తెల్లవారితే ఎక్కెయ్యాలి, అంచేత ఇవాళ సాయంత్రమే వస్తానని.

వచ్చేసరికి దీపం పెట్టేశాను. అతను సోఫా అంచున కూర్చున్నాడు. కారుని కొన్నవాళ్ళ పేరుకి మార్చడమంతా ఫోన్లోనే, కానీ ఓనర్ ఎవరో వాళ్ళే నొక్కాలి. ఆయన ఫోన్ చేతిలో పట్టుకుని, నావైపు చూసి, నవ్వారు. ఆ నవ్వు చూడగానే నాకర్థమైపోయింది.

"ఇవాళ శుక్రవారం కదే. దీపం కూడా పెట్టావు. నువ్వే బొట్టు పెట్టి తెచ్చుకున్న లక్ష్మిని ఇప్పుడు పంపిస్తావా?"

ఆయన అతనికి ఇంగ్లీషులో విడమరిచి చెప్పారు, శుక్రవారం మా ఇళ్ళలో ఇలా ఏదీ బయటికి ఇవ్వరని. అతను గుండె మీద చెయ్యి పెట్టుకుని, "మీ ఆచారం మీది, బాస్. మాకైతే శుక్రవారం మంచి రోజు" అన్నాడు. మా ఆయన తల అడ్డంగా ఊపారు. అతను నొచ్చుకోలేదు. "అయితే నేను తిరిగొచ్చాక చూద్దాం" అని లేవబోయాడు. తిరిగొచ్చేది ఎన్ని నెలలకో.

గదిలోంచి అమ్మాయి తొంగిచూసింది. "గుడ్ లా. డాడీ ప్రామిస్డ్ మీ. టుమారో మార్నింగ్ లాస్ట్ రౌండ్, మీ అండ్ డాడీ."

ఆయన చూపు తిప్పేసుకున్నారు. ఇన్నాళ్ళూ ఈయన ఒక్కరి గురించే భయపడుతున్నాను. పక్క సీట్లో నా పిల్ల కూర్చుంటుందని కల్లో కూడా అనుకోలేదు. వంటింట్లోకి వెళ్ళి, బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి తాళంచెవి తీసుకొచ్చాను. పరాయి మనిషి ఉన్నాడని కూడా చూడలేదు.

"లక్ష్మి ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. నాకు మీరు కావాలి, నా పిల్ల కావాలి. ఆ ఫోన్ నొక్కండి. నొక్కకపోతే రేపు పొద్దున్న ఆ చక్రాల ముందు నేను పడుకుంటాను, నా మీద నించి తోలుకెళ్ళండి!"

ఏడుస్తున్నానని కూడా తెలియలేదు నాకు. అతను నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. ఆయన నన్నూ, నా చేతిలో తాళంచెవినీ చూశారు. తర్వాత నొక్కారు. రెండో తాళంచెవి ఆయన చొక్కా జేబులోనే ఉంది! అదీ తీసి బల్ల మీద పెట్టారు. రెండూ కలిపి నేనే గడప దాకా వెళ్ళి అతని చేతిలో పెట్టాను. బియ్యపుగింజలు కొన్ని తాళంచెవికి అంటుకుని అతని అరచేతిలో పడ్డాయి. అతను వాటిని దులిపెయ్యకుండా గుప్పిట మూసి, "థాంక్యూ సిస్టర్" అన్నాడు. వెనక్కొచ్చి దీపం ముందు లెంపలేసుకున్నాను. తప్పు కాయి తల్లీ అన్నాను, ఇంకేమనాలో తెలియక.

అమ్మాయి "యూ హ్యాపీ నౌ?" అని తలుపు ధడాలున వేసుకుంది. ఆయన కిటికీ దగ్గర నిలబడ్డారు. కారు వెళ్ళడం ఆయనకీ వినపడలేదు, నాకూ వినపడలేదు. రాత్రి ఎవరూ సరిగ్గా తినలేదు. నిద్ర పట్టక, మందులు వేసుకుంటూ బాగానే ఉన్న మనిషిని ఊరికే ఏడిపించానేమో, చేతులారా అచ్చిరాని పని చేశానేమో అని దొర్లుతూ ఉన్నాను.

తెల్లవారింది. అలవాటు ప్రాణం, ఆయన ఆ వేళకే లేచారు. వెళ్ళడానికి ఎక్కడా లేక వంటింట్లో కాఫీకి పాలు పెట్టారు. అమ్మాయి కూడా లేచి, నాతో మాట్లాడకుండా, నీళ్ళ సీసా నింపుకుంటోంది. నేను హాల్లో బట్టలు మడతపెడుతున్నాను. పాలు పొంగిన చుయ్యిమన్న చప్పుడు, మాడువాసన.

"డాడీ, ది మిల్క్." మళ్ళీ, "డాడీ?"

నేను వెళ్ళేసరికి ఆయన స్టవ్ ముందు నిటారుగా నిలబడి ఉన్నారు. కళ్ళు ఎదుటి గోడ మీదున్నాయి. పెదాలు నములుతున్నాయి. రెండు చేతులూ వంటగట్టు అంచుని బిగించి పట్టుకున్నాయి. అమ్మాయి మొహంలో నెత్తురుచుక్క లేదు. నేను ఆయన నడుము చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాను. అమ్మాయి స్టవ్ ఆపి, వాళ్ళ నాన్న చేతి మీద చెయ్యి వేసింది. పాలు గట్టు మీదుగా కారి మా కాళ్ళ మీద పడుతున్నాయి. ఎవరం కదల్లేదు.

ఆయన రెప్పలు కొట్టారు. మా ఇద్దరినీ ఎక్కడో చూసినట్టు చూసి, గాభరాగా అడిగారు.

"బండి ఎవరు నడుపుతున్నారు?"

మా అమ్మాయి ఇంగ్లీషులో తప్ప జవాబు చెప్పని పిల్ల. "ఎవరూ లేరు నాన్నా" అంది. "మనం ఇంట్లోనే ఉన్నాం."