రెండు రోజులు ఊడ్వని అంగడి

సంతోషమ్మ గురించి ఇదివరకు రెండుసార్లు రాశాను, రెండూ పేపర్లోనే. మొదటిసారి పేరు లేకుండా, రెండోసారి పేరుతో. ఇది మూడోసారి. దీన్ని పేపరుకు పంపను, పంపినా వేయరు.

నేను మంథని వైపు ఒక మండలానికి విలేకరిని. పేరు పరశురాములు. సంతోషమ్మ మా ఊరామె. మెథడిస్టు సంఘం వాళ్లు. పెనిమిటి ఫిలిప్ తాపీ మేస్త్రీ, చర్చి ప్రహరీ ఆయన చేతి పనే. ఆయన పోయాక పంచాయతీ వాళ్లు ఆమెను బేస్తవారం సంత జరిగే అంగడి ఊడ్చే పనికి పెట్టుకున్నారు. ఇరవై ఏళ్లు ఊడ్చింది. అంగడి ముగిశాక ఒక్కో గంప దగ్గర నిలబడితే ఎవరో పిడికెడు బెండకాయలు, ఎవరో నాలుగు వంకాయలు ఆమె కొంగులో వేసేవాళ్లు. అడిగేది కాదు, ఇవ్వకపోతే ముఖం మాడ్చుకునేది కాదు. ఆ కూరగాయలతోనే వారం గడిచేది.

ఆరేళ్ల కింద మా ఊరికి కొత్త అంగడి మంజూరైంది. మార్చి నెలాఖరులోపు కట్టకపోతే నిధులు వాపసు పోతాయట. ఊళ్లో జాగా వెతికే ఓపిక ఎవరికీ లేదు. కాలువ అవతల సర్కారు భూమి ఖాళీగా ఉంటే అక్కడే కట్టేశారు. రేకుల షెడ్లు, సిమెంటు గద్దెలు, ముందర కమాను, కమాను కింద పేర్లు చెక్కిన నల్లరాతి పలక. బస్సు దిగే చోటి నుంచి రెండు కిలోమీటర్లు. నెత్తిన గంపతో అంత దూరం ఎవరు నడుస్తారని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. ప్రారంభోత్సవం నాడు ‘తీరనున్న రైతుల వెతలు’ అని రాసిన మహానుభావుణ్ణి నేనే.

అంగడి పాత చోటే, రోడ్డు పక్కనే సాగింది. కొత్తదానికి మారింది సంతోషమ్మ ఒక్కతే, పంచాయతీ వాళ్లు ఆమె పని అక్కడికి మార్చారు. రోజూ కాలువ దాటి పోయేది. మనిషి జాడ లేని గద్దెలు కడిగేది, షెడ్లు ఊడ్చేది, ఆఖరికి ఆ రాతి పలక కూడా తడిగుడ్డతో తుడిచేది. కొంగులో కూరగాయలు పడటం మాత్రం ఆగిపోయింది.

“ఎవలు రాని కాడ ఏం ఊడుస్తవవ్వా?” అని ఒకసారి అడిగాను.

“ఎవలన్న ఒస్తే? గలీజుగ ఉంటే మర్లిపోరా బిడ్డా?” అంది.

పోయిన ఏడు కరీంనగర్ డెస్కు నుంచి ఫోను వచ్చింది. ప్రజాధనం వృథా మీద ఒక పేజీ వేస్తున్నారు, మండలానికో ఫోటో కావాలి. బండేసుకుని కొత్త అంగడికి పోయాను. ఫోటో తీసి పంపాను. పది నిమిషాల్లో డెస్కు నుంచి మళ్లీ ఫోను.

“ఇదేందన్నా, నిన్న కట్టినట్టున్నది. పాడువడ్డట్టు ఉండాలె గద,” అన్నాడు అటువైపు మనిషి.

నిజమే. అద్దంలా ఉంది. ఆ శుభ్రత నా వార్తకు అడ్డం వచ్చింది. సంతోషమ్మ దగ్గరికి పోయాను.

“అవ్వా, రెండు దినాలు ఊడ్వకు. జర చెత్త కనవడితెనే పెద్దోళ్లకు సురుకు తాకుతది. అప్పుడు అంగడి ఇక్కడికి తెస్తరు.”

ఆమె చీపురు గద్దెకు ఆనించింది.

“పాత గంపలోళ్లంత ఒస్తరా?”

“ఒస్తరవ్వా.”

రెండు రోజులు ఆమె వేళకు వచ్చి గేటు దగ్గర కూర్చుంది, చీపురు మాత్రం ముట్టలేదు. నా మాట మీద నమ్మకంతో. మూడో రోజు పోయేసరికి గద్దెల మీద ఆకులు, మేక పెంటికలు, రెండు ఖాళీ సీసాలు, ఒక మూల కుక్క. మంచి ఫోటో వచ్చింది. ‘కట్టారు.. వదిలేశారు’ అని శీర్షిక పెట్టారు. వార్తకు బలం చాలదనిపించి చివర నేనే ఒక వాక్యం చేర్చాను: సిబ్బంది ఉన్నా ఊడ్చే దిక్కు లేదు.

నాలుగు రోజులకు మండల సర్వసభ్య సమావేశం. పేపరు చేతుల్లో పట్టుకుని సభ్యులు లేచారు. తప్పు చోట కట్టింది మీరని ఒక పక్షం, బాగున్నదాన్ని పాడుపెట్టింది మీరని ఇంకో పక్షం. గంటసేపు అరుచుకున్నారు. చాయ్ వస్తే ఆగి తాగారు, మళ్లీ మొదలుపెట్టారు. అంగడి అక్కడికి ఎలా రావాలో, రాకపోతే ఆ షెడ్లు దేనికి వాడాలో ఒక్క నోరూ పలకలేదు. అప్పుడొకాయన నా ఆఖరి వాక్యం పైకి చదివాడు. రెండు పక్షాలకూ ఒప్పుదల అయిన మాట అదొక్కటే. సంతోషమ్మను పిలిపించారు.

కొంగు భుజాల చుట్టూ కప్పుకుని వచ్చి నిలబడింది.

“ఊడ్సినవా, ఊడ్వలేదా? ఒక్క మాట చెప్పు,” అన్నాడు మండల అధికారి.

“రెండు దినాలు ఊడ్వలే సారూ.”

“ఎందుకు ఊడ్వలే?”

ఆమె కిటికీ పక్కన విలేకర్ల కుర్చీల వైపు చూసింది. నేను తలొంచుకుని రాసుకుంటున్నాను. సభలో విలేకర్లు మాట్లాడకూడదని ఒక నియమం ఉంది. ఆ నియమం వెనక దాక్కున్నాను. ఊడ్వద్దన్నది నేనేనని తెలిస్తే పేపరు వాళ్లు నన్ను పంపించేస్తారని భయపడ్డాను. ఐదు నిమిషాల్లో పంచాయతీ వాళ్లకు చెప్పి ఆమెను పనిలోంచి తీయించేశారు. ప్రజాధనం కొంతైనా ఆదా అయిందని ఒక సభ్యుడు బల్ల చరిచాడు.

మా పేపర్లో ఒక ఆనవాయితీ. రాసిన వార్తకు అధికారులు కదిలితే, మర్నాడు పాత వార్తను చిన్నగా అచ్చువేసి పక్కన చుట్టూ గీతలు గీసి ‘కథనానికి స్పందన’ అని ఒక డబ్బా కడతారు. విలేకరికి అది పండుగే. నాకూ కట్టారు. అందులో సంతోషమ్మ పేరు ఇంటిపేరుతో సహా వచ్చింది. డెస్కు వాళ్లు ఫోను చేసి మెచ్చుకున్నారు.

ఆదివారం ఆరాధన అయిపోయాక చర్చికి పోయాను. సంతోషమ్మ ఆవరణ ఊడుస్తోంది. అక్కడ జీతం లేదు, ఎప్పుడూ లేదు. నన్ను చూసి చీపురు ఆపింది. ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

“మంచిగున్నవా బిడ్డా?” అంది.

“అవ్వా, ఊడ్వద్దన్నది నేనేనని మీటింగుల ఎందుకు చెప్పలే?” అన్నాను.

ఆమె నావైపు ఆశ్చర్యంగా చూసింది.

“నువ్వు గక్కడనే కూసున్నవు గద బిడ్డా. నువ్వే చెప్తవనుకున్న.”