కొండయ్య పడవలోంచి

2024లో నేను అట్లాంటాలో ఒక చిన్న టీవీ నిర్మాణ సంస్థలో రచయిత్రిగా పనిచేస్తున్నాను. ఆ ఏడాది మా చేతికి ఒక ఆత్మకథ వచ్చింది. రాసింది సత్యవతి గారు. ల్యాబ్ టెక్నీషియన్‌గా రిటైరై అల్ఫారెట్టాలో ఉంటున్నారు. గోదావరి మధ్య ఒక లంకలో గడిచిన బాల్యాన్ని ఆవిడ ఇంగ్లిషులో పుస్తకంగా రాశారు. దాన్ని సిరీస్‌గా మార్చే బృందంలో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కావడంతో ఆవిడతో మాట్లాడే పని నాకు పడింది.

పుస్తకానికి గుండెకాయ వరద అధ్యాయం. అప్పటికి సత్యవతి గారు చిన్నపిల్ల. ఇంట్లోకి నీళ్లు రాగానే అందరూ డాబా ఎక్కారు. నానమ్మకు ఒళ్లు కాలిపోయే జ్వరం. దూరంగా పడవ కొండయ్య కనిపించాడు. వీళ్లు కేకలు వేశారు. అతను ఒకసారి ఇటు చూసి, పడవను లంక చివరికి పోనిచ్చాడు. తిరిగొచ్చేసరికి నానమ్మ ప్రాణం పోయింది. అతను ఎందుకలా వెళ్లాడో పుస్తకంలో లేదు.

మా షోరన్నర్, అంటే సిరీస్ మొత్తానికి బాధ్యత వహించే ప్రధాన రచయిత్రి, మేగన్. ప్రేక్షకులు కారణం అడుగుతారన్నది ఆమె బెంగ. సత్యవతి గారి నాన్నకూ కొండయ్యకూ పాత తగాదా ఉన్నట్టు పెడదామంది. అందరికీ నచ్చింది. సీన్ కూడా బలంగానే కుదిరింది.

ఆ మాట చెప్పడానికి అల్ఫారెట్టా వెళ్లాను. ఆవిడ కాఫీ ఇచ్చి, చెప్పిందంతా విన్నారు.

"అలాగైతే తీయొద్దమ్మా," అన్నారు.

"ఆంటీ, ప్రాజెక్టే క్యాన్సిల్ అవ్వొచ్చు."

"అవనీ. ఆయన మనవలు ఇంకా ఆ లంకలోనే ఉన్నారు. తాతని దుర్మార్గుడిగా టీవీలో చూడాలా వాళ్లు?"

"మరి ఎందుకు రాలేదు ఆయన?"

"మాది డాబా. లంక చివరి ఇళ్లన్నీ మట్టిగోడలు, తాటాకు కప్పులు. గోడ నానితే ఎంతసేపు నిలబడుద్ది? మేం ఆగగలం, వాళ్లు ఆగలేరు. నానమ్మ జ్వరం సంగతి ఆయనకేం తెలుసు? నాకిది పెద్దయ్యాక అర్థమైంది. మా అమ్మకి చివరిదాకా అర్థం కాలేదు."

"పుస్తకంలో ఎందుకు రాయలేదు?"

"ఆ పిల్లకి తెలీనిది రాయకూడదనుకున్నాను."

మర్నాడు ఆవిడ, మేగన్, నేను ముగ్గురం జూమ్‌లో కూర్చున్నాం. సిరీస్ కూడా పుస్తకంలాగే అంతా ఆ పిల్ల కళ్లతోనే నడుస్తుంది. దీన్ని మేం పాయింట్ ఆఫ్ వ్యూ అంటాం. పిల్లకు కనపడనిది చూపించే వీలు లేదు, ఎవరి నోటనైనా చెప్పిస్తే సీన్ చచ్చిపోతుంది అంది మేగన్.

"అయితే ఆ ఒక్క ఎపిసోడ్‌లో నన్ను వదిలేయండి," అన్నారు సత్యవతి గారు. "కెమెరా ఆయన పడవలో పెట్టండి."

"మీ కథలోంచి మిమ్మల్నే తీసేయమంటున్నారా?"

"ఇన్నేళ్లూ ఆ రోజును నా డాబా మీంచే చూశాను. ఒక్కసారి ఆయన వైపునుంచి చూడనివ్వండి."

మేగన్ తగాదా పేజీలన్నీ పక్కన పెట్టేసింది.

ఆ ఎపిసోడ్ నేనే రాశాను. కూలుతున్న గోడలు, జారిపోతున్న కప్పుల మీంచి పిల్లల్ని పడవలోకి దించుకుంటున్న చేతులు. ఎక్కడో డాబా మీద చెయ్యి ఊపుతున్న ఒక చిన్న ఆకారం. కొండయ్య అటు చూస్తాడు. వెంటనే చూపు తిప్పుకొని, తెడ్డు వేస్తాడు.

ప్రివ్యూలో సత్యవతి గారి పక్కన నేనే కూర్చున్నాను. ఆ షాట్ దగ్గర ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"అంత దూరంలో ఉన్నామన్నమాట మేము," అన్నారు మెల్లగా.

ఆత్మకథను తెరకెక్కించాలంటే రాసినవారు ఏం చూశారో పట్టుకుంటే చాలనుకునేదాన్ని. ఇప్పుడు ఎవరి పుస్తకం చేతికొచ్చినా, ఆ రోజు మీకు కనపడనిదేమిటని కూడా అడుగుతున్నాను. చాలామంది ఆలోచనలో పడతారు. తన కథలో తానే పక్కకు జరిగి ఇంకొకరికి చోటిచ్చిన మనిషిని మాత్రం సత్యవతి గారి తర్వాత మళ్లీ చూడలేదు.